వింతలదీవిలో ముక్కున వేలు

అనగా అనగా, ఉప్పుగాలి వీచే మొగలిపట్నంలో ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణసింగుడు, రెండోవాడు జయసింగుడు, మూడోవాడు చిన్నసింగుడు. తల్లి చిన్నప్పుడే పోతే, ముగ్గుర్నీ నాయనమ్మ మాణిక్యమ్మే పెంచింది. ఒరేయ్, ఆ చివర కూర్చున్నవాళ్లూ, గుసగుసలు మానండి! ఈ కథలో నోరు తెరిచినవాళ్లకి ఏం జరిగిందో వింటే మీ నోళ్లు మీరే మూసుకుంటారు.

మాణిక్యమ్మకి ఒక అలవాటుంది. ఏ వింత చూసినా ఠక్కున ముక్కు మీద వేలేసుకుని "ఊఁ!" అనేది. నోరు మాత్రం తెరిచేది కాదు. "వింత చూసి నోరెళ్లబెట్టకండర్రా, ఈగలు దూరతాయి. ముక్కున వేలేసుకోండి," అని మనవలకి చెప్పేది. పెద్దవాళ్లిద్దరూ "అవన్నీ ముసలమ్మల వేషాలు నాయనమ్మా!" అని పకపకా నవ్వేవాళ్లు. చిన్నసింగుడు మాత్రం ఆవిడ కొంగు పట్టుకుని తిరిగినవాడు. వాడికీ అదే అలవాటు అంటుకుంది. సభలో గారడీవాడు కోడిగుడ్డులోంచి పాముని తీస్తే, అందరూ "ఆఁ!" అని నోళ్లు తెరిస్తే, వీడొక్కడే ముక్కున వేలేసుకుని "ఊఁ!" అనేవాడు.

ఒకనాడు ఓడవాళ్లు వచ్చారు. "మహారాజా, ఏడు సముద్రాల అవతల వింతలదీవి ఉంది. పచ్చటి కొండలు, తెల్లటి ఇసుక, పేరు తెలియని పిట్టలు! దూరం నించి చూస్తేనే మా కళ్లు చెదిరిపోయాయి," అన్నారు.

"మరి దిగి చూడలేదేం?" అన్నాడు రాజు.

"దిగినవాళ్లెవరూ తిరిగి రాలేదు మహారాజా."

ఆ మాట విన్నాక బుద్ధున్నవాడెవడైనా వెళ్తాడా? రణసింగుడు వెళ్లాడు! ఏడు సముద్రాలు దాటాడు. తిరిగి రాలేదు. అన్నని తెస్తానని జయసింగుడు వెళ్లాడు. ఏడు సముద్రాలు దాటాడు. వాడూ రాలేదు. రాజు బెంగతో మంచం పట్టాడు, అన్నం ముట్టడం మానేశాడు. అప్పుడు చిన్నసింగుడు నాయనమ్మ దగ్గరికి వెళ్లి, "అన్నలిద్దర్నీ తీసుకునే వస్తాను. ఒక్కణ్ణే మాత్రం రాను," అన్నాడు. మాణిక్యమ్మ కళ్లు తుడుచుకుని అటుకులు, బెల్లం, చింతపండు, ఒక సంచీడు ఎండుమిరపకాయలు కట్టింది. "పరాయిచోట తిండి చప్పగా ఉంటుంది నాయనా," అంది. అంతేకానీ ఆ మిరపకాయలు ఎందుకు పనికొస్తాయో ఆవిడకి మాత్రం ఏం తెలుసు!

చిన్నసింగుడు ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, మూడు దాటాడు. తిమింగలాలు నీళ్లు చిమ్ముతుంటే చూసి ముక్కున వేలేసుకున్నాడు. ఎగిరే చేపల్ని చూసి ముక్కున వేలేసుకున్నాడు. ఏడో సముద్రం చివర దీవి కనిపించింది. ఒడ్డు నించి ఒక చిన్న పడవ వచ్చింది. అందులో తెడ్డు పట్టుకుని ఒక అమ్మాయి నుంచుని ఉంది. ఆ అమ్మాయి పేరు పగడాలు.

"ముందు పగడపు దిబ్బలున్నాయి, ఓడ ఇక్కడే ఆపి నా పడవెక్కండి దొరా," అంది. మళ్లీ గొంతు తగ్గించి, "ఎక్కకుండా వెళ్లిపోతే ఇంకా మంచిది," అంది.

"మా అన్నలు ఇక్కడికి వచ్చారా?"

"వచ్చారు."

"తిరిగి వెళ్లారా?"

పగడాలు తల వంచుకుంది. "అంతకు మించి అడక్కండి దొరా. చెబితే మా నాన్న నాకు దక్కడు," అంది. చిన్నసింగుడు ఇంకేమీ అడక్కుండా నాయనమ్మ ఇచ్చిన సంచీ భుజానేసుకుని పడవెక్కాడు.

ఒడ్డున ఒక మనిషి నుంచుని ఉన్నాడు. పట్టుబట్టలు, మెడనిండా గవ్వల దండలు, నీళ్లకుండంత ముక్కు! "రండి రండి రాజకుమారా! నన్ను కుంభనాసుడంటారు. ఈ దీవికి వచ్చిన అతిథికి మూడు వింతలు చూపించడం నా ఆనవాయితీ," అన్నాడు.

"వింతల సంగతి తరవాత. మా అన్నలేరీ?"

"మూడో వింత చూశాక మీరే తెలుసుకుంటారు," అని నవ్వాడు కుంభనాసుడు.

ఆ సాయంత్రం ఇసుక దిబ్బ మీదికి తీసుకెళ్లాడు. పొద్దు గుంకుతోంది. చూస్తుండగానే ఇసుక కుతకుతా ఉడికినట్టు కదిలింది. అయ్యబాబోయ్! అరచేతిలో పట్టే తాబేలు పిల్లలు, ఒకటా రెండా, వేలకి వేలు! ఇసుకలోంచి తన్నుకుని పైకొచ్చి, బుడిబుడి నడకలతో సముద్రంలోకి పరిగెత్తాయి. ఒడ్డంతా నల్లగా అయిపోయింది. కుంభనాసుడు తన కుండముక్కు చిన్నసింగుడి మొహం దగ్గరికి తెచ్చి కాచుకుని ఉన్నాడు. చిన్నసింగుడు ముక్కున వేలేసుకుని "ఊఁ!" అన్నాడు. కుంభనాసుడి మొహం మాడిపోయింది.

మర్నాడు పొద్దున్నే అడవిలోకి తీసుకెళ్లాడు. ఒక మాను, దాని నిండా ఎండిపోయిన ఆకులు. "ఇందులో వింతేముంది?" అనుకున్నాడు చిన్నసింగుడు. కుంభనాసుడు చప్పట్లు కొట్టాడు. అంతే! ఆకులన్నీ ఒక్కసారిగా లేచి ఎగిరిపోయాయి! అవి ఆకులు కావర్రా, సీతాకోకచిలకలు! రెక్కలు విప్పితే లోపలంతా నీలం. ఆకాశం కనిపించలేదు, పక్కనున్న మనిషి కనిపించలేదు. చెట్టు మోడుగా మిగిలింది. చిన్నసింగుడు ఉలిక్కిపడ్డాడు. అయినా వేలు ముక్కు మీదికే వెళ్లింది. "ఊఁ!" అన్నాడు. కుంభనాసుడు పళ్లు నూరాడు.

"ఇక మా దీవి శిల్పాలు చూడండి. ఇలాంటి పనితనం ఏడు లోకాల్లో లేదు," అని కొండ వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ కొబ్బరి తోపు నిండా రాతిబొమ్మలు. తెడ్డు పట్టుకున్న జాలరి, డప్పు మెడకేసుకున్న ఆటగాడు, పువ్వులు కట్టే ముసలమ్మ, పెట్టె నెత్తినెట్టుకున్న వర్తకుడు. అందరి కళ్లూ పెద్దవి. అందరి నోళ్లూ తెరిచే ఉన్నాయి. చిన్నసింగుడు ఒక్కొక్కటీ చూసుకుంటూ చివరికి వెళ్లాడు. వెళ్లి, కాళ్లు భూమిలో పాతినట్టు ఆగిపోయాడు.

చివరి రెండు బొమ్మలూ వాడి అన్నలు! రణసింగుడి కనుబొమ మీద, చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడితే అయిన మచ్చ. రాతి మీద ఆ మచ్చ! జయసింగుడి మెడలో నాయనమ్మ కట్టిన తాయెత్తు. ఓరి దేవుడో, ఏ తమ్ముడికైనా ఎలా ఉంటుంది! "అన్నా!" అనే కేక గొంతుదాకా వచ్చింది. కుండముక్కు చెంప పక్కకే వచ్చి బుసబుసలాడుతోంది. చిన్నసింగుడి వేలు ముక్కు మీదికి వెళ్లింది. కళ్లలోంచి నీళ్లు ధారకట్టాయి. పెదవులు మాత్రం విడిపోలేదు.

కుంభనాసుడు కాలు నేలకేసి కొట్టాడు. "వీడు మనిషా, మొద్దా! పో, పోయి భోంచెయ్. సాయంత్రం నీకు ఇంకో వింత చూపిస్తాను!" అని అరిచి కొండ మీది తన గుహకి వెళ్లిపోయాడు.

పగడాలు చిన్నసింగుణ్ణి విడిది అరుగు మీదికి తీసుకొచ్చి ఆకు వేసింది. వాడికి ముద్ద దిగితేగా! అరుగు మీద బంగారు పంజరంలో ఒక చిలక ఉంది. అది మెల్లిగా పిలిచింది. "రాజకుమారా, ఏడవకు. వాళ్లు చచ్చిపోలేదు. వింత చూసి నోరు తెరిచినవాళ్ల ఊపిరిని వాడు ఆ ముక్కుతో పీల్చేసి కడుపులో దాచుకుంటాడు. అందుకే ఇన్నేళ్లయినా వాడికి ముసలితనం రాలేదు."

"మరి వాణ్ణి చంపేదెలా?"

"వాడి ప్రాణం నాలో ఉంది. నాకు దెబ్బ తగిలితే వాడికి తగులుతుంది. నా మెడ నులుము. వాడు చస్తాడు, ఊపిర్లన్నీ బయటికొస్తాయి."

చిన్నసింగుడు పంజరం వైపు చెయ్యి చాపి ఆగాడు. పగడాలు వంక చూశాడు. పగడాలు కళ్లనీళ్లు పెట్టుకుంది. "తోపులో తెడ్డు పట్టుకున్న జాలరి మా నాన్నే దొరా. ఎన్నోసార్లు ఈ పంజరం తలుపు తీశాను. ఇదేం పాపం చేసిందని చంపను? నాకు చెయ్యి రాలేదు," అంది.

చిన్నసింగుడు చిలకని బయటికి తీశాడు. వెచ్చగా ఉంది, ఎముకలు తగులుతున్నాయి. "ఇంత బక్కచిక్కిపోయావేం? వాడు తిండి పెట్టడా?"

"పాలన్నం, అరటిపండు. మళ్లీ పాలన్నం, అరటిపండు. ఇన్నేళ్లుగా అదే తిండి, రోత పుట్టింది! ఆ సంచీలోవి ఎండుమిరపకాయలేనా? చచ్చేముందు ఒక్కటి తిననియ్యవూ?"

"చావడం మాట తరవాత, ముందు తిను తల్లీ," అని ఒక మిరపకాయ ఇచ్చాడు. చిలకలకి కారం తెలియదుగా! కరకరా నమిలి మింగేసింది.

గుహలోంచి గావుకేక! "అబ్బబ్బబ్బా! మంట! మంట!"

ముగ్గురూ అదిరిపడ్డారు. దెబ్బే కాదు, చిలక తిన్న కారం కూడా వాడికే తగులుతోంది! "ఇంకోటి ఇవ్వు," అంది చిలక. ఇంకోటి ఇచ్చాడు. కుంభనాసుడు గుహలోంచి గంతులేస్తూ వచ్చాడు. కళ్లమ్మట నీళ్లు, కుండముక్కు ఎర్రగా కాలిన పెనం. "పెట్టకు! దానికి అది పెట్టకు!" అన్నాడు. చిన్నసింగుడు మూడోది ఇచ్చాడు. అంతమంది నోళ్లు తెరిపించినవాడు తన నోరు బార్లా తెరిచి "హాఁ! హాఁ! హాఁ!" అన్నాడు. ఆ హాఁలతోపాటు దాచుకున్న ఊపిర్లన్నీ గాలివానలా బయటికొచ్చి తోపు వైపు దూసుకుపోయాయి!

అప్పుడేమైందో తెలుసా? ఏళ్ల తరబడి నోటిదాకా వచ్చి ఆగిపోయిన కేకలన్నీ ఒక్కసారి పూర్తయ్యాయి. "ఆ...హాఁ!" దీవి దద్దరిల్లింది, కొబ్బరికాయలు దబదబా రాలాయి. జాలరి తెడ్డు వదిలేసి కూతుర్ని కావలించుకున్నాడు. రణసింగుడు కళ్లు నులుముకుని, "తమ్ముడూ, నువ్వెప్పుడొచ్చావురా? ఆ సీతాకోకచిలకల్ని చూశావా?" అన్నాడు. చిన్నసింగుడు ఇద్దర్నీ పట్టుకుని, అప్పటిదాకా బిగపట్టిన ఏడుపంతా నోరారా ఏడ్చేశాడు.

కుంభనాసుడు చూస్తుండగానే ముగ్గుబుట్ట నెత్తిన బోర్లించినట్టు ముసలాడైపోయాడు. ప్రాణం చిలకలోనే ఉందిగా, చిలకేమో అడవిలోకి ఎగిరిపోయింది. "కాస్త చప్పటి పండు తినవే తల్లీ!" అని బతిమాలుతూ వాడు దాని వెనకాలే చెట్టు చెట్టూ తిరగడం మొదలెట్టాడు.

చిన్నసింగుడు అన్నల్నీ, పగడాలునీ, వాళ్ల నాన్ననీ ఓడెక్కించుకుని మొగలిపట్నం చేరాడు; కొడుకుల్ని చూసి రాజు లేచి కూర్చుని అన్నం తిన్నాడు. "మా ఊపిరి తెచ్చినవాడిదే గద్దె," అని అన్నలిద్దరూ పట్టుబట్టారు. చిన్నసింగుడికీ పగడాలుకీ పెళ్లి కుదిరింది. పెళ్లిపీటల మీద తెర తీశారు. తల్లో మొగలిపువ్వు, మెడలో ముత్యాలు, ఎదురుగా పగడాలు! మూడు వింతలకీ తెరవని నోరు అప్పుడు తెరుచుకుంది చూడండి, గుమ్మమంత!

"ఒరేయ్, ఈగలురా!" అంది మాణిక్యమ్మ. పక్కన రణసింగుడూ జయసింగుడూ కిక్కురుమనకుండా ముక్కున వేలేసుకుని నుంచున్నారు. వాళ్ల మొహాలు చూసి ఆవిడ ఏడ్చింది, నవ్వింది. చిన్నసింగుడు, పగడాలు ఏటా ఓడెక్కి ఆ దీవి చూసొస్తూ, చిలకకి ఒక సంచీడు మిరపకాయలు పట్టుకెళ్తూ, చాలాకాలం చల్లగా ఏలారు.

అదర్రా కథ. ఏమిటీ, అందరి వేళ్లూ ముక్కుల మీదికి ఎప్పుడెళ్లాయి?