మేనత్త వరహా

రాజుగారు తనను కోట సేనకు దళవాయిని చేసిన కొత్తలో వీరమల్లుడు పట్టుచీర పట్టుకుని మేనత్త వెంగమాంబ ఇంటికి వెళ్లాడు. ఆవిడ పొంగిపోయి, దీవించి, చేతిలో ఒక వరహా పెట్టింది.

వయసు మీదపడిన వెంగమాంబకు వారం తిరిగేసరికి ఆ సంగతి గుర్తులేదు. అతడు మళ్లీ వెళితే మళ్లీ దీవించి, మళ్లీ ఇచ్చింది. అది కనిపెట్టిన దళవాయి ప్రతి సంతరోజూ రాసాగాడు. పెట్టెలోని ఆ వరహాలు తప్ప ముసలావిడకు వేరే ఆధారం లేదు. పెట్టె అడుగు కనబడుతుంటే వంటమనిషి పోలమ్మకు గుండె జారిపోయింది.

ఒకనాడు అతణ్ణి వాకిట్లో ఆపి అడిగేసింది. "దొరా, ఇదివరకే ఇచ్చారని అమ్మగారికి చెప్పరాదా?"

"మర్యాద తెలియనిదానా! పెద్దలు ఇస్తే కాదనకూడదు. మరిచిపోయావని ఎత్తిచూపితే ఆవిడ మనసు నొచ్చుకోదూ?" అన్నాడు.

పై సంతనాడు వెంగమాంబ దీవించి వరహా ఇవ్వగానే, పోలమ్మ ఖాళీ పళ్లెం తెచ్చి అతని ముందు పట్టింది.

"పదవి వచ్చాక మొదటిసారి మీ ఇంటి ఆడపడుచు గడప తొక్కారు. చీర ఇందులో పెట్టండి దొరా."

"అవును నాయనా, నా చీరేదీ?" అంది వెంగమాంబ ఆశగా.

"ఎప్పుడో పెట్టానుగా!" అని పోలమ్మ మీద పళ్లు నూరాడు దళవాయి.

"అమ్మగారికి గుర్తులేదు. మరిచిపోయారని ఎత్తిచూపమంటారా?" అంది పోలమ్మ, గొంతు తగ్గించి.

దళవాయి వరహాను పళ్లెంలో పెట్టి, చీర పంపిస్తానని వెళ్లిపోయాడు. చీర వచ్చింది గాని, అతడు మళ్లీ రాలేదు.

పెట్టెలో మిగిలిన వరహాలు నిలిచాయి. "మావాడు రావడం లేదేమే?" అని వెంగమాంబ రోజూ దిగులుగా అడిగేది.

"నిన్ననే వచ్చి వెళ్లారు కదమ్మా" అనేది పోలమ్మ, అన్నం వడ్డిస్తూ.