చలిమిట్ట శారదాంబ బొంతలమ్మ అయిన వైనం

చలిమిట్ట మీద వెలసిన శారదాంబ గుడికి కింది ఊరి నుంచి మెట్ల దారి ఉంది. ముఖమండపంలోని స్తంభాలు చూడదగినవి. వీణ వాయించే మనిషి, నాట్యకత్తె, కుంచె పట్టిన చిత్రకారుడు, తాటాకు పట్టిన కవి వాటి మీద కొలువుదీరి ఉంటారు. అమ్మవారిని మాత్రం పట్టుచీరలో చూడాలని భక్తులు ఆశపడవద్దు. ఆమె ఒంటిమీద ఉండేది పాతగుడ్డల బొంత. ఆలయ పత్రాలలో శారదాంబ అని ఉన్నా, చుట్టుపక్కల అందరూ బొంతలమ్మ అనే పిలుస్తారు.

పూర్వం ఇక్కడ ఓబులనాయుడనే పాలెగాడు ఈ గుడి కట్టించాడు. చదువుల తల్లి గుడి కనుక, కళ తెలిసినవారు తమ పనితనాన్ని అమ్మవారి పాదాల చెంత పెట్టవచ్చనీ, గుడి ఉన్నంతకాలం దానిని కాపాడతామనీ చాటింపు వేయించాడు. ఏది కళో తేల్చడానికి శేషాద్రి పండితుణ్ణి మండపంలో కూర్చోబెట్టాడు. పండితుడు సులువైన గీత గీశాడు. చూసి, విని ఆనందించేది కళ. వాడుకునేది పని. బొమ్మలు, పాటలు, పద్యాలు ఇవతల మిగిలాయి. చాపలు, బుట్టలు, అల్లికలు అవతలికి పోయాయి. వాటితోపాటు వాటిని చేసిన ఆడవాళ్లందరూ పోయారు. పండితుడు కావాలని అలా చేయలేదని కొందరంటారు. కావాలని చేయనక్కర లేకుండానే అలా కుదరడమే విశేషం.

కొండ కింద సుంకమ్మ అనే ఆమె ఉండేది. మగడు ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కూతురు గంగి ఆ ఏడే చలిజ్వరంతో పోయింది. బిడ్డ బట్టలు ఏట్లో వదలమని ఊరివాళ్లు చెప్పినా సుంకమ్మ వదల్లేదు. లంగాలు, ఓణీలు, ఉయ్యాల కట్టిన చీర, అన్నీ చింపి బొంత కుట్టింది. కుడుతున్నంతకాలం ఆ ముక్కలతోనే మాట్లాడింది. ఇది పాకేటప్పటిది, ఇది నిప్పురవ్వ పడి కాలినది అని చెప్పుకునేది. బొంత పూర్తయ్యాక మాట్లాడడానికి ఏమీ మిగల్లేదు. తాను కప్పుకోబోతే ఊపిరాడలేదు. తన తర్వాత దీన్ని ఎవరో గొడ్డు మీద కప్పుతారు, గంగి అనే పిల్ల ఉండేదని తెలిపే గుర్తే ఉండదు. ఆ దిగులుతోనే ఆమె కొండెక్కింది.

పండితుడు బొంతను చాలాసేపు చూశాడు.

"రంగుల కూర్పు బాగుందమ్మా. ఇది చూసేదానికా, కప్పుకునేదానికా?"

"చూసేదానికని చెప్పక్కా, అయిపోతుంది," అని పూజారి వీరన్న మెల్లగా అందించాడు.

సుంకమ్మకు ఆ మాట నోట రాలేదు. "బొంత చూసేదానికేంది సామీ? కప్పుకునేదానికే. కప్పుకునే బిడ్డే లేదు."

"అయితే ఇది పనే తల్లీ," అన్నాడు పండితుడు.

"చలి పుడితే కబురు పెడతాంలే వదినా!" అన్నాడొక గాయకుడు. మండపమంతా నవ్వింది. సుంకమ్మ బొంత మడిచి సంకన పెట్టుకుని మెట్లు దిగింది.

పుష్యమాసం వచ్చింది. ఒక తెల్లవారుజామున వీరన్నకు కల వచ్చింది. అమ్మవారు పీఠం దిగి, గర్భగుడి గడప పక్కన మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. "నా చుట్టూ ఇన్ని పెట్టినారు. కప్పుకునేదానికి ఒక్కటీ లేదు," అంది.

వీరన్న పరుగున కొండ దిగి సుంకమ్మ ఇంటికి వచ్చి ఆ కల చెప్పాడు. సుంకమ్మ దేవి మహిమ గురించి ఏమీ అడగలేదు.

"ఏ పక్కకు తిరిగి పండుకొని ఉండె?"

"ఎడమ పక్కకు. గడ్డం కింద పిడికిలి పెట్టుకొని."

గంగి అలాగే పడుకునేది.

"నా కల్లోకి ఒక్కనాడూ రాలేదు వీరన్నా. వస్తుందేమోనని పగటిపూట గూడా కళ్లు మూసుకుంటిని. నిద్రే పట్టలేదు. నీ కల్లోకి వచ్చెనా?"



ఆమె బొంత తీసుకుని కొండెక్కింది. దానిని పాటల, బొమ్మల వరుసలో చేర్చి గోడకు వేలాడదీస్తామన్నాడు, కల సంగతి విన్న ఓబులనాయుడు. పండితుడు కూడా తన గీతను కాస్త జరపడానికి సిద్ధపడ్డాడు.

"నీ గీత నీకాడనే పెట్టుకో సామీ," అంది సుంకమ్మ. "గోడకు కడితే ఆయమ్మకు చలి పోతుందా? కప్పండి. మాస్తే ఉతకండి. చినిగితే మాసిక వేయండి."

"వాడితే అరిగిపోతుంది కదమ్మా. నీ బిడ్డ గుర్తు మిగలొద్దా?" అన్నాడు నాయుడు.

సుంకమ్మ బొంతను రెండు చేతులా గుండెకు అదుముకుంది.

"అరగనీ," అంది. "బిడ్డ ఉండుంటే అరగకుండునా?"

తానే వంగి అమ్మవారి భుజాల చుట్టూ కప్పింది.

ఆమె చెప్పినట్టే జరిగింది. గంగి బట్టల పీలిక ఒక్కటీ నేటి బొంతలో లేదు. చినిగిన చోటల్లా, అయినవాళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లు తెచ్చిన గుడ్డతో మాసికలు పడుతూ వచ్చాయి. నేటికీ పుష్యమాసంలో బొంతను కొండవాగులో ఉతికి మండపంలో పరుస్తారు. మాసిక వేసే ఆమె ఆ గుడ్డ ఎవరిదో పైకి చెప్పి సూది గుచ్చాలి. ఆ మాట వినడానికి పక్కన ఇంకొకరు ఉండి తీరాలన్నది ఇక్కడి నియమం. ఒంటరిగా వచ్చినవారి పక్కన పూజారి ఇంటి ఆడవాళ్లు కూర్చుంటారు. కోరికలు తీరతాయని ఈ క్షేత్రానికి పేరు లేదు. పోయినవారి పేరు చెప్పి కొండ దిగిన రాత్రి నిద్ర పడుతుందని మాత్రం వచ్చినవాళ్లు చెబుతారు.