అమ్ముడుపోయే మాటలు

అంగళ్ల కేకలతో తెల్లవారి, అంగళ్ల కేకలతోనే పొద్దుగూకే ఒకానొక రాజ్యం ఉండేది. పేరు వెలిచేరు. దాన్నేలే రణభూపాలుడికి యుద్ధాలు గెలిచిన పేరు లేదు గానీ బిరుదులు మాత్రం ముప్పైరెండు. ముందు ఒక్క పొగడ్తయినా తగిలించకుండా ఆయన్ని పలకరించడం ఆ కొలువులో మర్యాద కాదు.

కోట గుమ్మం పక్కనే రాజుగారి సొంత కొట్టు ఉండేది. అందులో పట్టుబట్టలు, గంధపు చెక్కలు. పట్టును చిమటలు కొట్టేశాయి, గంధం వాసన ఎప్పుడో పోయింది. ఈగలు తప్ప ఎవరూ ఆ గడప తొక్కేవారు కారు. ఎదురుగా పూలమ్మే నాంచారి మాత్రం గంప దించీ దించకముందే ఖాళీ చేసుకుని వెళ్లిపోయేది. "మంచు ఇంకా ఆరలేదమ్మా! అపురూపమైన మల్లెలు! రేపు కావాలన్నా దొరకవు!" అని ఆమె ఒక్క కేక వేస్తే వీధి వీధంతా వచ్చి పడేది.

మేడ మీంచి చూసి చూసి, కిటుకంతా మాటల్లోనే ఉందని రాజుగారు తేల్చుకున్నారు. వెంటనే దండోరా వేయించారు. అపురూపం, సాటిలేనిది, మేలైనది, మళ్లీ దొరకనిది - సరుకును అమ్మిపెట్టే ఇలాంటి మాటలన్నీ ఇకమీదట రాజుగారి కొట్టు సొత్తు. ఆ కొట్టులో సరుకుకు తప్ప మరి దేనికి వాడినా నాలుక కోస్తారు.

పొద్దున దండోరా అయింది, మధ్యాహ్నానికి నాంచారి పట్టుబడింది. నలభై ఏళ్ల అలవాటు మరి, గంప దించగానే నోరు జారింది. మర్నాడు కొలువు తీరగానే శిక్ష అన్నారు.

ఆ సాయంత్రం తాతంభట్టు రాజుగారి దగ్గరికి వచ్చాడు. కొలువులో చమత్కారి అంటే అతనే. అలవాటుగా పొగడబోయి, ఏదో గుర్తొచ్చినట్టు నోరు మూసుకున్నాడు. రాజుగారు అది గమనించలేదు.

"నాంచారి ముసలిది. ఈ ఒక్కసారికి వదిలేయండి."

"శాసనానికి మినహాయింపా? కుదరదు."

"కొలువులో వాళ్లకు కూడా ఉండదా?"

"పోయిన మా అమ్మ లేచి వచ్చినా ఉండదు!"

"చిత్తం" అని తాతంభట్టు వంగి దండం పెట్టి, తిన్నగా వైతాళికుల ఇళ్లవైపు నడిచాడు.

మర్నాడు రాజుగారికి మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ పడుతోంది. ఎక్కడా చప్పుడు లేదు. ఏదో లోటనిపించి కాసేపు అలాగే పడుకున్నారు. అప్పుడు తట్టింది, మేలుకొలుపు లేదని.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. తెల్లవారగానే వైతాళికులు పడకగది బయట నిలబడి రాజు బిరుదులన్నీ పాడాలి. జ్వరమొచ్చినా, వరదొచ్చినా పాట ఆగదు. రాజు పోయిన రోజున మాత్రమే ఆగుతుంది.

ఆయన లేచి కూర్చున్నారు. ఎదురుగా నిలువుటద్దానికి తెల్లగుడ్డ కప్పి ఉంది. చావు జరిగిన గదిలోనే అలా కప్పుతారు. పడుకునేటప్పుడు ఆ గుడ్డ లేదు.

దాసి ఒకతె పసుపునీళ్ల చెంబుతో లోపలికి వచ్చింది. మంచం మీద కూర్చున్న రాజును చూసింది. చెంబు అక్కడే జారవిడిచి వెనక్కి వెనక్కి వెళ్లిపోయింది.

రాజుగారు వసారాలోకి వచ్చారు. వైతాళికులు వరసగా తలలు వంచుకుని, నోటికి ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. మద్దెలలు బోర్లించి ఉన్నాయి.

"ఏమయ్యా! నేను మీకు కనిపిస్తున్నానా?"

ఎవరూ పలకలేదు. అందరికంటే పెద్దాయన భుజం పట్టుకుని కుదిపితే, ఆయన వణికిపోతూ కళ్లు మూసుకున్నాడు. రాజుగారు తన నాడి తనే పట్టుకు చూసుకున్నారు. చెయ్యి మంచులా ఉంది, నాడి దొరకలేదు.

తూలుతూ మేడ అంచుకు వెళ్లారు. కింద బజారు నిండా జనం. ఒక్క కేక లేదు. అమ్మేవాళ్లు పెదవులు బిగించుకుని కూర్చున్నారు, కొనేవాళ్లు వేళ్లతో చూపిస్తున్నారు. గుమ్మం దగ్గర నలుగురు పచ్చి వెదుళ్లతో పాడె కడుతున్నారు. వాళ్లలో ఒకడు తలెత్తి చూశాడు. వాడి చేతిలోంచి తాడు జారింది. ఆ వెంటే జనమంతా తలెత్తి, ఒక్కసారిగా ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"పోయాను. నిజంగానే పోయాను" అనుకుంటూ రాజుగారు కూలబడ్డారు.

"రణభూపాలా!"

వెనక నుంచి ఎవరో పిలిచారు. తండ్రి పోయాక ఆయన్ని అలా వట్టి పేరుతో పిలిచినవారు లేరు. యమభటుడే వచ్చాడనుకుని వణుకుతూ తిరిగి చూశారు. తాతంభట్టు!

"భట్టూ, నేను బతికే ఉన్నానా?"

"ఉన్నారు. ఆ మాట చెప్పడానికే ఎవరికీ దారి లేదు. తమరిని పొగడకుండా పలకరించకూడదు, పొగిడే మాటలేమో కొట్టు సొత్తు. వైతాళికులు నాలుకలు కాపాడుకున్నారు. పాట వినపడక దాసీలు అద్దానికి గుడ్డ కప్పారు, ఊరివాళ్లు వెదుళ్లకు పరుగెత్తారు."

"మరి నువ్వెలా మాట్లాడుతున్నావు?"

"వట్టి పేరుతో పిలవడం తప్పే. దానికి శిక్ష ఏమిటో ఇంకా ఎవరూ రాయలేదు."

"ఇప్పుడేం చేయాలి?"

"తమరు వెళ్లి కొట్టులో పట్టుబట్టల పక్కన కూర్చుంటే సరి. సరుకు కిందికి వస్తారు, అందరూ హాయిగా పొగడొచ్చు. ఎవరైనా బేరమాడితే మాత్రం కాదనకూడదు."

చీకటి కొట్టులో వేలాడే చిల్లుల పట్టు రాజుగారి కళ్లముందు కదిలింది. "శాసనం రద్దు! నాంచారిని వదిలేయండి! అందరూ నోళ్లు తెరవండి!" అని మేడ మీంచే అరిచారు.

మద్దెలలు మోగాయి. బజారు ఒక్కసారిగా కేకలతో హోరెత్తింది. ఆ గోల చెవిన పడ్డాక గానీ రాజుగారికి ఊపిరాడలేదు. గుండెల మీద చెయ్యి వేసుకుని పకపకా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ కింది పాడె వంక చూసి ఆగిపోయారు.

"భట్టూ, నేను పోయాననే అందరూ అనుకున్నారు కదా?"

"అవును ప్రభూ."

"ఒక్కరూ ఏడవలేదేం? ఏడవొద్దని నేను శాసనం వేయలేదే!"

తాతంభట్టు తల వంచుకున్నాడు.

"మాట్లాడవేం? ఎంత చచ్చు సరుకైనా అమ్మిపెట్టే నోరు నీది. నా గురించి వాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పరాదూ?"

"నాలుగేం ఖర్మ, నలభై చెబుతాను ప్రభూ. కానీ ముందు సరుకు మారాలి."

రాజుగారి ముఖం పాలిపోయింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. మెడలోని ముత్యాలహారం తీసి, తన చేతులతోనే అతని మెడలో వేశారు.