అడుగు అందే మడుగు

చింతేరు ఒడ్డున ఉన్న అడవికి ఒకటే కష్టం. ఎండాకాలం వచ్చిందంటే ఇవతలి గట్టున గడ్డిపరక మిగలదు. అవతలి గట్టున మాత్రం ఊటలూ పచ్చికా ఏడాది పొడుగునా ఉంటాయి. ఏరు దాటగలిగినవాళ్లు కడుపునిండా తింటారు. దాటలేనివాళ్లు ఎండుటాకులు నములుతూ వానల కోసం ఎదురుచూస్తారు.

అందుకని అడవి పెద్దలంతా కూడి, పిల్లలకు ఈత నేర్పడానికి ఒక విశ్వవిద్యాలయం పెట్టారు. నక్క జంబన్నను ఉపకులపతిని చేశారు. మాటకారి, నలుగురిలో నెగ్గుకొస్తాడని వాళ్ల నమ్మకం. నీకు ఈత వచ్చా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈత నేర్పే పని నీటిపిల్లి గంగులమ్మది. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఏట్లోనే. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఒక పిల్ల మునిగితే లేపేది, మళ్లీ మునిగితే మళ్లీ లేపేది. విసుక్కోవడం ఎరగదు.

మొదట్లో పరీక్ష ఏట్లోనే జరిగేది. కొందరు దాటేవాళ్లు, కొందరు సగంలో వెనక్కి వచ్చేవాళ్లు. వెనక్కి వచ్చినవాళ్లకు గంగులమ్మ ఇంకొన్నాళ్లు నేర్పేది. ఈ పద్ధతి జంబన్నకు నచ్చలేదు.

"ఇట్లా సగం మంది తప్పారని చెప్పుకుంటే మన పరువేం కావాలి గంగులమ్మా? కింది అడవిలో కోతులు చెట్లెక్కడం నేర్పుతున్నాయట. అక్కడ ఒక్కరూ తప్పరట!"

"కోతిపిల్లలకు చెట్లెక్కడం ఒకరు నేర్పాలా అయ్యా?"

"అదీ తెలివంటే," అన్నాడు జంబన్న మీసం దువ్వుకుంటూ.

ఆ ఏడు అతను గట్టు పక్కనున్న మడుగులో ఇసుక పోయించాడు. పరీక్ష ఇకమీదట అందులోనే అన్నాడు. గంగులమ్మ దిగి చూసింది. దుప్పిపిల్లలకూ కణుజు జింకల దూడలకూ నీళ్లు మోకాళ్ల పైదాకా వస్తున్నాయి. అవి తల పైకెత్తి, కాళ్లు వంచి వీపు ముంచి, నేల మీద నడుస్తూ నీళ్లు చిమ్ముతుంటే గట్టు మీది నుంచి చూసేవాళ్లకు ఈతలాగే ఉంది.

ఇక మిగిలింది పొట్టివాళ్లు. కుందేలు పిల్లలకూ ఏదుపంది పిల్లలకూ అక్కడ కూడా అడుగు అందదు. వాళ్లు మునిగితే బండారం బయటపడుతుంది. పరీక్షకు ముందు జంబన్న వాళ్ల అమ్మానాన్నలను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి, ఎంతో ప్రేమగా మాట్లాడాడు. "మీవాడు సున్నితం. ఈ చదువు వాడికి పడదు. తప్పాడన్న మచ్చ ఎందుకు? మీ అంతట మీరే మాన్పించారంటే గౌరవంగా ఉంటుంది."

వాళ్లు తలలూపి పిల్లల్ని ఇళ్లకు తీసుకుపోయారు. పరీక్షలో మిగిలినవాళ్లంతా నెగ్గారు. చిలుకను పిలిపించి జంబన్న నివేదిక నేర్పించాడు. అది కొమ్మకొమ్మకూ ఎగురుతూ "నూటికి నూరు! నూటికి నూరు!" అని అరిచింది. అడవి పొంగిపోయింది.

గంగులమ్మకు మాత్రం ఆ కూత చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

ఎండలు ముదిరాయి. జంతువులు ఏరు దాటడం మొదలుపెట్టాయి. మొదటి శ్రేణి పట్టా పుచ్చుకున్న కణుజు దూడ ఒకటి ధీమాగా అందరికంటే ముందు దిగింది. నాలుగడుగులు బాగానే వేసింది. అయిదో అడుగుకు కింద నేల లేదు. గంగులమ్మ బాణంలా ఈది వెళ్లి, చెవి పట్టుకుని, సుళ్లలోంచి ఈడ్చుకొచ్చింది. దూడ ఒడ్డున పడి నీళ్లు కక్కింది. ఊపిరి అందగానే అది అడిగిన మాట ఒక్కటే.

"నాకు ఈత వచ్చని చెప్పారు కదమ్మా?"

గంగులమ్మ తడి ఒంటితోనే జంబన్న దగ్గరకు వెళ్లింది.

"అయ్యా, ఇవాళ ఒక పిల్ల పోవలసింది."

"పట్టా ఇచ్చిన తర్వాత జరిగింది కదా? అది మన లెక్కలోకి రాదులే."

"మన లెక్కలోకి రాకపోతే ఇంకెవరి లెక్కలోకి వస్తుందండీ?"

"నువ్వు నేర్పు. కొలవడం నేను చూసుకుంటాను," అన్నాడు జంబన్న, మాట తేల్చేస్తూ.

"సరే, నేర్పుతాను," అంది గంగులమ్మ. ఆ మాటలో ఎంత పట్టుదల ఉందో జంబన్నకు తెలియలేదు.

మర్నాడు ఆమె కుందేలు పొదలమ్మ ఇంటికి వెళ్లింది. పొదలమ్మ తన కూతురు మొలకను మాన్పించినప్పటి నుంచి ఆ పిల్ల బయటకు రావడం లేదు.

"మొలకను పంపు పొదలమ్మా."

"ఎందుకక్కా? అది సున్నితమని పెద్దాయనే చెప్పాడు. దానికి రాదట."

"రాదని చెప్పాల్సింది ఏరు. ఆయన కాదు."

"మునిగిపోతే?"

"నేను పక్కన ఉండగా మునగదు. భయపడుతుంది, ఏడుస్తుంది, నీళ్లు మింగుతుంది. ఆ తర్వాత నేర్చుకుంటుంది. ఎన్నాళ్లు పడుతుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను."

పొదలమ్మ పొదలోకి తలపెట్టి, "మొలకా, రా," అంది.

మొలకతోపాటు మాన్పించిన పిల్లలందరినీ గంగులమ్మ పోగుచేసింది. ఒడ్డున పడ్డ కణుజు దూడ కూడా సిగ్గుపడుతూ వచ్చి చేరింది. రోజూ పొద్దున్నే, మడుగుకు దూరంగా, ఏటి మలుపు దగ్గర నేర్పడం మొదలుపెట్టింది. మొలక మొదట్లో ఆమె మెడ పట్టుకుని వదిలేది కాదు. వదిలితే రాయిలా మునిగేది. ఏదుపంది పిల్లకు ముళ్లు తడిసి బరువెక్కి, రోజూ ఏడుపే. గంగులమ్మ బుజ్జగించింది, కసిరింది, చేపముక్కలు ఆశ చూపింది. కుందేళ్లు చేపలు తినవని అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఒకనాడు మొలక మెడ వదిలి, తనంతట తాను ఒక బారెడు దూరం ఈది, "అక్కడ నేల లేదు కదూ?" అని అడిగింది. లేదంది గంగులమ్మ. మొలక నవ్వింది.

సంగతి జంబన్న చెవిన పడింది. ఉరుకులు పరుగులతో వచ్చాడు.

"ఎవరి అనుమతితో ఇదంతా? వీళ్లు మన విద్యార్థులు కారు. లెక్కలోంచి ఎప్పుడో తీసేశాం!"

"లెక్కలో లేకపోయినా నీళ్లలో ఉన్నారు కదండీ."

"వచ్చేవారం ఎగువ కొండల నుంచి ఏనుగు దంతయ్య వస్తున్నాడు. మన ఫలితాలు విని, వాళ్ల పిల్లలందరినీ ఇక్కడికే పంపాలనుకుంటున్నాడు. ఆయన ముందు ఈ పొట్టిమూకను తిప్పావంటే నీ ఉద్యోగం ఊడినట్టే!"

జంబన్న తోక ఝాడించి వెళ్లిపోయాడు. గంగులమ్మ పిల్లల్ని ఒడ్డుకు చేరుస్తూ ఆలోచించింది. ఎగువ కొండల పిల్లలు కూడా ఆ మడుగులోనే పట్టాలు పుచ్చుకుంటారు. ఏరు వాళ్లను కూడా నమ్మించి లాగేస్తుంది. జంబన్న చెప్పింది అబద్ధమని తాను చెబితే ఎవరు నమ్ముతారు? చెబితే జంబన్నే చెప్పాలి. ఆ ఆలోచన తట్టగానే ఆమె మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

స్నాతకోత్సవం రోజు రానే వచ్చింది. గట్టంతా పూలూ తోరణాలూ. దంతయ్య వచ్చి నిలబడగానే చిలుక "నూటికి నూరు" పాడింది. మొదటి శ్రేణిలో నెగ్గిన నాలుగు కణుజు దూడలు దండలు వేసుకుని నిలబడ్డాయి. జంబన్న గొంతు సవరించుకుని ఉపన్యసించాడు. మా పిల్లలు ఏరునే జయించారన్నాడు. అందరూ కేరింతలు కొట్టారు.

అప్పుడు గంగులమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"దంతయ్య తాతా, మా ఉపకులపతిగారు ఇంత చేసినా ఆయనకు మేము ఏ మర్యాదా చేయలేదు. వెదురు తెప్ప సిద్ధం చేశాం. ఆయనను అందులో కూర్చోబెట్టి, ఆయన తీర్చిదిద్దిన ఈ నలుగురూ అవతలి గట్టుకు లాక్కుపోతారు. మీరు కళ్లారా చూడొచ్చు."

"భేష్!" అన్నాడు దంతయ్య. "ఇంతకంటే రుజువేం కావాలి?"

అడవంతా చప్పట్లు. జంబన్న ముఖం వాడిపోయింది. "నాకు కొంచెం జలుబుగా..." అనబోయాడు. ఎలుగుబంటి అప్పటికే అతన్ని ఎత్తి తెప్పలో కూర్చోబెట్టి దండ వేసేసింది. కాదంటే ఎందుకు కాదని అడుగుతారు. జంబన్న నోరు మూసుకున్నాడు.

గంగులమ్మ దూడల మెడలకు తీగలు కట్టింది. తెప్ప వెనక మరో పొడవాటి తీగ కట్టి, దాని కొస ఎలుగుబంటి చేతికిచ్చి, "వదలకు బాబాయ్," అంది. దూడలకు మాత్రమే వినిపించేలా చెప్పింది. "నేను మీ ముందే ఉంటాను. ఆగమన్నచోట ఆగండి. అడుగు అందని చోటికి మిమ్మల్ని పోనివ్వను."

తెప్ప కదిలింది. నీళ్లు దూడల మోకాళ్లకు వచ్చాయి. గట్టు మీద ఈలలు. నీళ్లు పొట్టలకు వచ్చాయి. జంబన్న తెప్ప అంచు పట్టుకుని ముందుకు వంగి చూశాడు. నీళ్లు రొమ్ములకు వచ్చాయి. ముందు నల్లగా, లోతుగా, సుళ్లు తిరుగుతూ చింతేరు. గంగులమ్మ ఆగమనేలోపే జంబన్న అరిచాడు.

"ఆపండి! ఆపండి! ఇంకో అడుగేస్తే చస్తాం!"

"అదేం మాట?" అన్నాడు దంతయ్య గట్టు మీది నుంచి. "పిల్లలకు ఈత వచ్చు కదా?"

"రాదు! ఒక్కడికీ రాదు!"

"నూటికి నూరని విన్నానే?"

"అది మడుగులో! మడుగులో కాళ్లు అందుతాయి! నాకు కూడా ఈత రాదు, నన్ను వెనక్కి లాగండి బాబూ!"

 చిలుక కొత్తగా విన్న మాటను వెంటనే అందుకుంది. "కాళ్లు అందుతాయి! కాళ్లు అందుతాయి!"

ఎలుగుబంటి తీగ లాగింది. దూడలు గంగులమ్మ వెంట క్షేమంగా ఒడ్డెక్కాయి. జంబన్న తెప్ప దిగి, తేరుకోగానే వేలు చూపించాడు. "తప్పు నాది కాదు. నేర్పవలసింది ఈవిడ!"

దంతయ్య గంగులమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు నేర్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

పొదల వెనక నుంచి పొదలమ్మ తన కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. మొలకను చూసి కొందరు నవ్వారు. మొలక ఎవరినీ చూడలేదు. నీళ్లలోకి దూకింది. చెవులు రెండూ వీపుకు అంటించి, సుడిని తప్పించుకుని, మెల్లగా, ఆగకుండా ఈదింది. అవతలి గట్టెక్కి ఒళ్లు దులుపుకుంది. పొదలమ్మ నేల మీద కూలబడి ఏడ్చేసింది. వెనకే మునుపు ఒడ్డున పడ్డ దూడ కూడా దాటింది. ఏదుపంది పిల్ల సగం దాకా పోయి, రొప్పుతూ వెనక్కి వచ్చింది.

"వీడికి రాదా?" అడిగాడు దంతయ్య.

"ఇంకా రాలేదు," అంది గంగులమ్మ. "సగం వచ్చింది. వానలు పడేలోపు మిగతా సగం నేర్పుతాను. మా దగ్గర చేరినవాళ్లు ఎందరో, దాటినవాళ్లు ఎందరో, దాటనివాళ్లు ఎందరో అన్నీ చెబుతాను తాతా. ఒక్క పేరూ తీసేయను. అది వినడానికి అంత బాగుండదు."

"బాగుండకపోయినా నమ్మొచ్చు," అన్నాడు దంతయ్య. "మా పిల్లల్ని నీ దగ్గరకే పంపుతాను."

అడవి పెద్దలు అక్కడికక్కడే జంబన్నను పదవిలోంచి దింపారు. అడవిలోంచి తరిమేద్దామని కూడా కొందరన్నారు. గంగులమ్మ ఒప్పుకోలేదు. "ఎండాకాలం ఆయనా దాటాలి కదా," అంది.

మర్నాడు పొద్దున్నే జంబన్న కుందేలు పిల్లల వెనక, వరుసలో ఆఖరున నిలబడ్డాడు. నీళ్లలో ఒక కాలు పెట్టి తీశాడు. మళ్లీ పెట్టి తీశాడు. "గంగులమ్మా, నాకు ఒంట్లో బాగాలేదు. ఇవాళ్టికి హాజరు వేసేసుకోరాదూ?" అని బతిమాలాడు.

గంగులమ్మ నడుములోతు నీళ్లలో నిలబడి, అతను దిగేదాకా చూస్తూ ఉంది.

నేర్చుకోనివాళ్లను లెక్కలోంచి తీసేస్తే నెగ్గేది లెక్కే, చదువు కాదు.