నాంచారమ్మ పోపు మానేసిన నాలుగు రోజులు

అనగనగనగా, కోడి కూయకముందే మగ్గం చప్పుడుతో తెల్లవారే ఒక ఊరు. ఊఁ కొట్టవేం? ఊఁ కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను, నాకేం పోయింది? ఆఁ, అలాగ.

ఆ ఊళ్ళో ఒక గోడకి ఈవైపు నాంచారమ్మ, ఆవైపు భద్రమ్మ. నాంచారమ్మ మొగుడు మార్కండేయులు, భద్రమ్మ మొగుడు సాంబయ్య. ఇద్దరూ షావుకారు గారి పాకలో పక్కపక్క మగ్గాల మీద చీరలు నేసేవాళ్ళు. ఒకటే పని, ఒకటే కూలి. ఆడవాళ్ళిద్దరూ వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు.

ఒకరోజు మార్కండేయులు అన్నం తింటూ తింటూ ఊరుకోలేక, "పక్కింటి భద్రమ్మని చూసి నేర్చుకోవే. ఆవిడ పొదుపు పుణ్యమా అని, ఏడాది తిరిగేసరికి సాంబయ్య ఇంట్లో సొంత మగ్గం పెట్టేస్తాడట" అన్నాడు.

అంతే! నాంచారమ్మ కడుపు భగ్గుమంది. సొంత మగ్గమంటే ఏమనుకున్నావ్? షావుకారు ఎదుట చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తారు. అది తనకన్నా ముందు భద్రమ్మకొస్తే ఇంకేమన్నా ఉందా! "అదే కూలి కదా, దానికెలా మిగుల్తోంది, నాకెందుకు మిగలట్లేదు?" అనుకుంటూ ఆ పూట ముద్ద ముట్టలేదు.

అప్పుడేం చేసింది? పెరట్లో రోలెక్కి గోడ మీంచి తొంగి చూసింది. భద్రమ్మ మగ్గం కింద రాలిన పోగుల ముక్కలు ఏరుకొచ్చి దీపానికి వత్తులు చేసుకుంటోంది. చింతపండు రెండుసార్లు పిసికి, ఆ పిప్పితోనే ఇత్తడి చెంబు తోముతోంది. ఇక అగ్గిపుల్ల గీయడమన్నదే లేదు, పిడక పట్టుకుని నాంచారమ్మ ఇంటికే వచ్చి నిప్పు తీసుకుపోతుంది. "ఓసి దీని తెలివి తెల్లారా! పుల్ల గీసేది నేను, మగ్గం పెట్టేది ఇదీనా!" అని కొంగు బిగించింది మనావిడ.

మర్నాడు అగ్గిపెట్టె దాచేసి, తనే పిడక పట్టుకుని బయల్దేరింది. గుమ్మంలో భద్రమ్మ ఎదురొచ్చింది, చేతిలో పిడకతో.

"కాస్త నిప్పు పెట్టు వదినా."

"అయ్యో, నేనే నీ దగ్గరకొస్తున్నా వదినా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఎవరింటికి వాళ్ళు పోయి, ఎవరి పొయ్యిలో ముందు పొగ లేస్తుందా అని కాచుకుని కూర్చున్నారు. పొద్దు నడినెత్తికొచ్చింది. మార్కండేయులు భోజనానికొచ్చి, పాపం, మంచినీళ్ళు తాగి పోయాడు. సాంబయ్య వచ్చి బీడీ ముట్టించుకున్నాడు. ఆ పుల్ల ఆరిపోకముందే భద్రమ్మ లాక్కుని దాంతోనే పొయ్యి అంటించేసింది! నాంచారమ్మ పటపటా పళ్ళు కొరుక్కుంది. పుల్ల గీసినందుకు కాదు, ఆ ఉపాయం తనకి తట్టనందుకు.

ఆ తర్వాత దీపం. భద్రమ్మ పోగుల వత్తి వేస్తే, మన నాంచారమ్మ అసలు దీపమే మానేసింది. మసక చీకట్లో మార్కండేయులు గడప తన్నుకుని బొటనవేలి గోరు ఊడగొట్టుకున్నాడు. వారం రోజులు మగ్గం తొక్కలేకపోయాడు, ఆ వారం కూలీ పోయింది. అయినా బుద్ధొచ్చిందా నాంచారమ్మకి? రాలేదు. వచ్చేస్తే నాకు కథెక్కడిది!

మళ్ళీ రోలెక్కింది. ఈసారి భద్రమ్మ వంటింటి గూట్లో పోపుల డబ్బా బోర్లించి కనిపించింది. ఆవాల్లేవు, మెంతుల్లేవు, ఇంగువ ఊసే లేదు. మూకుడు పొయ్యెక్కి ఎన్నాళ్ళయిందో, బూజు పట్టి ఉంది. "ఆహా, మగ్గం ఇక్కడ దాక్కుందన్నమాట!" అనుకుంది నాంచారమ్మ.

ఆవిడకేమో పోపంటే ప్రాణం. మరో చిటికెడు ఇంగువ పడితేగాని చెయ్యి ఆగేది కాదు. అయినా సరే, ఆ రోజు నుంచి పోపు బంద్.

మొదటిరోజు మార్కండేయులు, "ఇదేం చారే, చెంబు కడిగిన నీళ్ళలా ఉంది" అన్నాడు. రెండోరోజు పచ్చి ఉల్లిపాయ నంజుకున్నాడు. మూడోరోజు మాట్లాడకుండా మజ్జిగ పోసుకుని లేచిపోయాడు. నాంచారమ్మకీ గొంతు దిగట్లేదు. దిగకపోతే పోనీ, ఆ భద్రమ్మ కన్నా ముందు మగ్గం రావాలి, అంతే.

నాలుగోరోజు మధ్యాహ్నం గోడవతల పిల్లల ఏడుపు వినపడింది. ఏమైందో చూడకపోతే ఆవిడ ప్రాణం నిలుస్తుందా? గబుక్కున రోలెక్కింది.

భద్రమ్మ పిల్లలు ముగ్గురూ గోడవారగా వరసగా కూర్చున్నారు. కంచాల్లో ఉత్త అన్నం, పక్కన ఇంత ఉప్పు. ఒక్కరూ చెయ్యి పెట్టట్లేదు.

"ఇవాళ కూడా వాసన రాలేదమ్మా" అని ఏడుస్తోంది చిన్నది చుక్కమ్మ.

"వస్తుంది తల్లీ, వస్తుంది. అత్త పోపు పెట్టే వేళయింది. వాసన రాగానే గబగబా తినేయండి" అంటోంది భద్రమ్మ.

విన్నావా బంగారూ? ఇన్నాళ్ళూ నాంచారమ్మ ఇంట్లో పోపు చుయ్యిమంటే, ఆ వాసనతో వీళ్ళు ఉత్త అన్నం తినేవాళ్ళన్నమాట.

నాంచారమ్మకి ఒళ్ళు మండిపోయింది. నా నూనె, నా ఆవాలు, నా ఇంగువ! ఆఖరికి నా వాసన కూడా వదల్లేదే మహాతల్లి! అని నాలుగిళ్ళకీ వినపడేలా అరుద్దామని నోరు తెరిచింది.

అప్పుడు చుక్కమ్మ తలెత్తి చూసింది. ముక్కు తుడుచుకుని అడిగింది.

"అత్తా, మీరూ మగ్గం కొంటున్నారా?"

 నాంచారమ్మ మెల్లగా రోలు దిగింది. దాచిన అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసింది. మూకుట్లో నూనె పోసింది, ఇంకాస్త పోసింది. ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిరపకాయలు వేసింది, వెల్లుల్లి చితక్కొట్టి వేసింది, ఇంగువ వేసింది. ఆ ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఘాటుకేనా అంటే, ఏమో మరి, నేను చూడలేదు. చారు గిన్నె పట్టుకుని తిన్నగా పక్కింటికి పోయి ముగ్గురి కంచాల్లోనూ వడ్డించింది.

భద్రమ్మ తల దించుకుంది. "వదినా, నీమీద నాకెంత కుళ్ళో నీకు తెలీదు. నీ పొయ్యి మీద చుయ్యిమంటే నా కడుపులో చుయ్యిమనేది. పిల్లలు నీ పోపే మెచ్చుకుంటుంటే ఏడుపొచ్చేది. మొన్న నువ్వు మానేశావని మొదటిరోజు సంతోషపడ్డాను కూడా" అంది.

"ఊరుకో వదినా, నా కుళ్ళు ముందు నీ కుళ్ళెంత!" అంది నాంచారమ్మ.

రోజూ చారు పంపిస్తానంటే భద్రమ్మ ఒప్పుకోలేదు. అభిమానం గల మనిషి. సరేనని నాంచారమ్మ ఒక పని చేసింది. వంటింట్లో పొయ్యి తవ్వించేసి, తెచ్చి పెరట్లో గోడకి ఆనించి వేయించుకుంది.

ఏడాది తిరిగేసరికి సాంబయ్య ఇంట్లో మగ్గం దిగింది. మరి నాంచారమ్మకి కుళ్ళు పోయిందా అంటావా? ఎక్కడికి పోతుందే! మగ్గం టకటకమన్నప్పుడల్లా కడుపు కుతకుతలాడేది. మొహం ఇంత చేసుకుని పొయ్యి దగ్గర కూర్చునేది. మంట పుట్టినకొద్దీ పోపులో ఇంకో మిరపకాయ, ఇంకో చిటికెడు ఇంగువ పడేసేది. గోడవతల పిల్లలు ముగ్గురూ తుమ్మేదాకా మాత్రం మూకుడు దించేది కాదు.

ఆవాలు చిటపట, మగ్గాలు టకటక,
పక్కింట్లో ఒక కడుపు ఉడికింది కుతకుత.
కథమ్మ నడిచింది కంచి దారెంట,
కన్నమ్మ నిదరోవె అమ్మమ్మ వెంట.