రెండు గట్ల తాడు

ఒక నదికి రెండు గట్లు ఉండేవి. రెండు గట్ల మీదా తాడు పేనేవారు ఉండేవారు.

ఆ నది మీద పొగమంచు ఏడాది పొడవునా విడిచేది కాదు. అందువల్ల ఈ గట్టువారు ఆ గట్టువారిని ఎన్నడూ చూసి ఎరుగరు. వారి నడుమ ఉన్నది తాడు ఒక్కటే. కొబ్బరిపీచు పాయలకు ఒక కొస ఇక్కడ, ఒక కొస అక్కడ. రెండు వైపులా చేతికర్రలతో తిప్పితే, నది నడుమ, మంచులో, ఎవరి కంటికీ కనబడని చోట, పురి ఎక్కి తాడయ్యేది. ఏ సముద్రంలోనో ఓడలను కట్టివేయడానికి అంత పొడవు తాడు కావాలట. ఆ ఓడలనూ వారు చూడలేదు.

తాడు పేనడానికి ఒక మర్యాద ఉంది. పీచు అందించవలసి వచ్చినా, పాయ తెగినా, కొసను ఒక్కసారి లాగాలి. అప్పుడు అవతలి చేయి ఆగిపోవాలి. మళ్ళీ రెండుసార్లు లాగేవరకు తిప్పరాదు. ఒకరు ఆగి ఉండగా మరొకరు తిప్పితే పురి మెలిపడి తాడు పాడవుతుంది. ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే తిప్పు. ఆ రెండు గట్ల మధ్య అంతకు మించిన మాట పుట్టలేదు.

రెండు గట్లకూ యజమాని ఒక్కడే. అతడు తెల్లగొడుగు వర్తకుడు. పడవ మీద అటూ ఇటూ తిరిగేవాడు. మంచులో నుంచి మొదట గొడుగు కనబడేది, తరువాత నవ్వు, చిట్టచివరకు మనిషి.

ఈ గట్టున రోజుకూలి ఐదు సోలల బియ్యం. కాని తలమీద నీడ లేదు. ఆ గట్టున కూలి నాలుగు సోలలే. కాని తాటాకు పందిరి ఉంది. రెండూ తెలిసినవాడు వర్తకుడు ఒక్కడే.

ఒకనాడు అతడు ఈ గట్టున దిగి, "చూడండమ్మా, అవతల నాలుగు సోలలకే పేనుతున్నారు. మీకు ఐదు కొలిచి పోస్తున్నానని నలుగురూ నన్ను చూసి నవ్వుతున్నారు" అన్నాడు. పందిరి సంగతి చెప్పలేదు. ఆనాటి నుంచి ఈ గట్టున కూలి నాలుగు సోలలయింది.

మరునాడు ఆ గట్టున దిగి, "అవతల ఎండలోనే హాయిగా పేనుతున్నారమ్మా. నీడపట్టున చేతులకు బద్ధకం పడుతుంది" అన్నాడు. బియ్యం సంగతి చెప్పలేదు. సాయంకాలానికి పందిరి తాటాకులన్నీ పడవ ఎక్కాయి.

అతడు రెండు చోట్లా అబద్ధమాడలేదు. ఒకే కొబ్బరికాయను పగులగొట్టి, ఎవరికి వారికి ఖాళీ చిప్పను చూపించాడు, అంతే.

ఈ గట్టున కొస పట్టేది ఒక బాలింత. బిడ్డకు మూడు నెలలు. ఆమెకు పీచు అందించేది అత్తగారు. ఆవిడకు ఒళ్ళు ముసలిదయింది గాని నోరు కాలేదు.

ఇక రెండు గట్లకూ మిగిలినది మిట్టమధ్యాహ్నపు విరామం. పొద్దు నడినెత్తికి రాగానే కొసను రాటకు కట్టి అందరూ గడ్డిమీద ఒరిగేవారు. ఉదయం నుంచి కర్ర తిప్పిన బాలింత చేతులు వణికేవి. కాసేపు ఒరిగితే గాని ఆ వణుకు ఆగేది కాదు. వణుకు ఆగితే గాని పాలు దిగేవి కావు. బిడ్డ ఆ గడియ కోసమే పుట్టినట్లు ఎదురుచూసేది.

వర్తకుడు మళ్ళీ వచ్చాడు.

"అవతల మధ్యాహ్నం పడుకోవడం మానేశారమ్మా."

"వాళ్ళ నడుములు ఇనుముతో పోతపోశారా, అయ్యా?" అన్నది అత్త.

"నమ్మకపోతే రేపు మధ్యాహ్నం కొస పట్టుకొని తిప్పి చూసుకో."

అదే మాటను ఆ రోజే అవతలి గట్టున కూడా చెప్పాడు. మరునాడు మిట్టమధ్యాహ్నం రెండు గట్లవారూ కొసలు పట్టుకొని నిలిచారు. రెండు కొసలూ తిరిగాయి. నిన్నటి అబద్ధం ఆ క్షణాన నిజమై కూర్చున్నది.

"నిజమే అత్తా, తిరుగుతోంది" అన్నది బాలింత.

"ఎంత ఆశే వాళ్ళకు! మన నోటి దగ్గర కూడు లాక్కోవడానికే పుట్టారు. నువ్వూ తిప్పు, చూద్దాం!"

ఆమె కసితో తిప్పింది. అవతలి నుంచి అంతకంటె కసిగా పురి వచ్చింది. నాలుగు రోజులు తాడు తుమ్మెద మాదిరి ఝుమ్మన్నది. ఐదవ నాడు పురి పట్టలేక, మెలిపడి, నది నడుమ పాములాగా చుట్టుకున్నది. పాడైన తాడు పేరు చెప్పి వర్తకుడు రెండు గట్లలోనూ తలకొక సోల తగ్గించాడు.

బాలింతకు పాలు తగ్గాయి. అత్త గంజిలో గుడ్డపీలిక ముంచి బిడ్డ నోటికి అందించింది. బిడ్డ దానిని చప్పరించి, మోసపోయినట్లు చూసి, మొగం తిప్పుకున్నది.

ఆరవ నాడు మధ్యాహ్నానికి బిడ్డ ఏడుపు సన్నగిల్లింది. ఆకలి తీరి సన్నగిల్లే ఏడుపు వేరు. ఇది అది కాదని తల్లికి తెలిసింది. పాయ తెగలేదు, పీచు అయిపోలేదు; అయినా ఆమె కొసను ఒక్కసారి లాగింది.

తాడు ఠక్కున ఆగింది. అర చుట్టు కూడా ఎక్కువ తిరగలేదు. ఆ మాట కోసమే అవతలి చేయి ఆరు రోజులుగా చెవి ఒగ్గి ఉన్నట్లు ఆగింది.

ఆశపడిన చేయి అలా ఆగదు.

"అత్తా, ఒకసారి ఈ కొస పట్టుకో."

అత్త పట్టుకున్నది. "ఏముందే?"

"వణుకు."

"నీ చేతిదే అయి ఉంటుంది."

"నేను వదిలేశాను కదా అత్తా."

అత్త కొసను వదలలేదు. మంచు వైపు చూసి, గొంతు తగ్గించి, "ఆ తల్లి బిడ్డకు ఎన్ని నెలలో" అన్నది.

బాలింత కొసను రాటకు కట్టి, గడ్డిమీద ఒరిగి, బిడ్డకు పాలిచ్చింది. పొద్దు వాలిన తరువాతనే రెండుసార్లు లాగింది. మరునాడు మధ్యాహ్నం ఆమె చేయి చాపేలోగానే తాడు అవతలి నుంచి ఒక్కసారి కదిలింది. ఆ తరువాత ఒకనాడు వీరు లాగేవారు, ఒకనాడు వారు.

రోజుకు పేనే తాడు పొడవు తగ్గడం చూసి వర్తకుడు పడవ దిగాడు. "మధ్యాహ్నం ఎందుకు ఆపారు?"

"అవతలివాళ్ళు ఆగమన్నారు, అయ్యా" అన్నది అత్త. "ఆగకుండా తిప్పితే మెలిపడదా? ఇంకొక సోల పోదా?"

అతడు ఆ గట్టుకు పోయి అడిగితే వారూ అదే సమాధానం చెప్పారు. తిరిగి వచ్చేసరికి గొడుగు ముందు కనబడింది గాని నవ్వు కనబడలేదు.

"మీకు బుద్ధి ఉండవద్దా?"

"అవతల ఎట్లా చేస్తే మేమూ అట్లాగే చేయాలని తమరే సెలవిచ్చారు కదా, బాబూ. అప్పటి నుంచి ఒక్క పొల్లు పోకుండా చేస్తున్నాం."

గడ్డిమీద ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వర్తకుడు పడవ ఎక్కాడు.

ఆ తరువాత అతడు రాలేదు. పీచూ రాలేదు, బియ్యమూ రాలేదు. మూడు రోజులకు చేపలు పట్టేవాడొకడు కబురు తెచ్చాడు. నదికి దిగువన, నడి నీటిలో ఒక లంక ఉన్నదట. వర్తకుడు అక్కడ కొత్త రాటలు పాతించాడట. కూలి రెండు సోలలు. నీడ లేదు, విరామం లేదు.

అత్తకు కోపం రాలేదు, భయం వచ్చింది. "ఒక్కసారి లాగి పాలు తెచ్చుకున్నావు, బాగానే ఉంది. ఆ పాలు ఊరడానికి గంజి ఎక్కడిదే? మేమూ రెండు సోలలకే తిప్పుతామని కబురంపుదామా?"

బాలింత రాటకు కట్టిన తాడు మీద చేయి వేసి కూర్చున్నది. అవతలి గట్టున కూడా ఈపాటికి ఎవరో ఎవరినో ఇదే మాట అడుగుతూ ఉంటారని ఆమెకు తోచింది.

అంతలో తాడు కదిలింది. ఒకసారి లాగినట్లు కాదు, రెండుసార్లు లాగినట్లూ కాదు. మెల్లగా, పక్కకు, దిగువ వైపుకు జరిగింది. ఆగింది. మళ్ళీ అడుగు మేర జరిగింది.

బాలింత లేచింది. బిడ్డను చీరకొంగుతో వీపుకు కట్టుకున్నది. రాట నుంచి కొస విప్పి భుజం మీద వేసుకున్నది.

"ఎక్కడికే?" అన్నది అత్త.

"అవతలి ఆవిడ నడుస్తోంది అత్తా."

"చూసినట్లు చెబుతావేం?"

"తాడు నడుస్తోంది కదా."

అత్త ఒక నిమిషం రాటను చూసింది, ఒక నిమిషం కోడలి వీపుమీది బిడ్డను చూసింది. "నడుం విరిగిందంటే నిన్నే మోయమంటాను" అని గొణిగి, కోడలి వెనుక నడిచింది. ఆమె వెనుక మిగిలినవారు నడిచారు. మంచులో పాదాల చప్పుడు కూడా మెత్తబడింది. రెండు గట్ల నడుమ తాడు నీటిని నిమురుతూ దిగువకు సాగింది. ప్రవాహం దాని నడుమును ముందుకు తోసింది గనుక కొసల కంటె నడుమే ముందు పోయింది.

లంకలో ఒక స్త్రీ కొత్తగా కర్ర పట్టింది. "ఎగువన రెండు గట్లలోనూ మధ్యాహ్నం ఎవరూ ఆగరమ్మా" అని వర్తకుడు ఆమెకు ఆ ఉదయమే చెప్పి పోయాడు. పొద్దు నడినెత్తికి వచ్చినా ఆమె తిప్పుతూనే ఉంది.

ఎగువ మంచులో నుంచి ఒక తాడు తేలివచ్చి ఆమె రాటకు ఒరుసుకున్నది. దానికి పడవ లేదు, మనిషి లేడు, కొసలు లేవు. కొసలు మంచులో ఎక్కడో రెండు వైపులా ఉన్నాయి. ఆమె వంగి, ఎడమచేతిని దానిమీద ఆనించింది.

తాడు తిరగడం లేదు.

ఆమె కుడిచేయి మాత్రం కర్రను తిప్పుతూనే ఉంది. ఆమె ఒకసారి ఆ చేతిని చూసింది, ఒకసారి ఈ చేతిని చూసింది.