లా తినాహాలో ఎవరూ పాడని చరణం

క్యూబా దేశపు తూర్పు భాగంలో, చెరకు తోటల నడుమ, లా తినాహా అనే ఊరిలో రేకుల కప్పు వేసిన చిన్న మందిరం ఒకటి ఉన్నది. లోపల విగ్రహం కోసం వెతకవద్దు, లేదు. గచ్చు దిమ్మె మీద, అంచు పెచ్చూడిన మట్టికాగు మాత్రం ఉంటుంది. అక్కడి స్పానిష్ భాషలో తినాహా అంటే నీళ్ళ కాగు. ఊరికి ఆ పేరు దీనివల్లనే వచ్చింది. "ఈ కుండను చూడటానికా ఇంత ఎండలో నడిచాం!" అని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. కథ విన్నాక వారే చెప్పులు విప్పుతారు.

పూర్వం ఇక్కడ చెరకు నరకడానికి సముద్రం అవతలి హైతీ నుంచి కూలీలు వచ్చారు. నరికినన్నాళ్ళు కావలసినవారే. చక్కెర ధర పడిపోగానే కానివారయ్యారు. వారి సొంత భాష క్రియోల్‌లో ఒక్క మాట నోట వినబడితే చాలు, సర్కారువారు పట్టుకుని తిరిగి హైతీకి ఓడ ఎక్కించేవారు. అందుకని తల్లులు పిల్లలకు ఆ భాష నేర్పడమే మానుకున్నారు. అయితే పాట లేనిదే పసిపిల్ల నిద్రపోదు కదా! సిలియాన్ అనే కూలితల్లి ఒక ఉపాయం కనిపెట్టింది. ఖాళీ కాగులో మొహం పెట్టి పాడేది. ఒళ్ళో పిల్ల కాగు పొట్టకు చెవి ఆనించి వినేది. బయటికి గాలి హోరు తప్ప ఏమీ వినిపించేది కాదు.

కాలం మారింది. తరిమేవారు పోయారు. సిలియాన్ మనవరాలు మారిలిస్ పట్నంలో సంగీతం చదివి, తనవంటి హైతీ సంతతివారిని కూడగట్టి ఒక గాన బృందం పెట్టింది. పెద్దల పాటలన్నీ మళ్ళీ పాడించాలని ఆమె పంతం. ఊరూరా తిరిగి, ముసలివాళ్ళను బతిమాలి పాటలు పోగుచేసింది. హైతీ నుంచి వస్తూ పాడుకున్న పడవ పాట మాత్రం పూర్తిగా వచ్చినది ఒక్క సిలియాన్ అవ్వకే.

సభ ఏర్పాటైంది. అవ్వ కాగు ఎత్తించుకుని మరీ వచ్చింది. అంతమంది పెద్దమనుషుల ముందు మారిలిస్‌కు తల కొట్టేసినట్లయింది.

"అవ్వా, ఇంకా ఎవరికి భయం? జనం నీ మొహం చూడాలి. దాన్ని లోపల పెట్టించేస్తాను," అన్నది.

"భయం కాదే తల్లీ. నాకు ఇందులో పాడితేనే పాట గుర్తుకొస్తుంది," అన్నది అవ్వ.

మనవరాలు వినలేదు. కాగు తెర వెనక్కు పోయింది. అవ్వ రెండు చరణాలు పాడి, మూడోది ఎత్తుకోబోయి ఆగింది. కాగు అంచు కోసం గాలిలో చేతులతో తడుముకుంది. పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. అవ్వ నవ్వి దిగిపోయింది.

"ఇంటికొచ్చి ఆ మూడోది నేర్చుకుంటాలే," అన్నది మారిలిస్. ఆ తరువాత కచేరీలు, ప్రయాణాలు. ఆ ఏటి కోతలు ముగియకముందే అవ్వ కన్నుమూసింది. అయ్యో, ఆ ఒక్క పూట కాగు ఇచ్చి ఉంటే ఏం పోయేది!

అవ్వను సాగనంపి వచ్చిన మధ్యాహ్నం మారిలిస్ కాస్త కునుకు తీస్తుండగా, కలలో అవ్వ కనిపించింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కాగును ఇంటి దగ్గరే ఉంచండి. పాడుకోండి," అని మాత్రం అన్నది. మూడో చరణం అడగబోయేసరికి మెలకువ వచ్చేసింది.

బృందమంతా వచ్చి, అవ్వ గుడిసె ఉన్న ఈ చోటనే కాగును నిలిపింది. మారిలిస్ అందులో మొహం పెట్టి రెండు చరణాలు పాడింది. మూడోదానికి తన ఊపిరే తన మొహానికి తగిలింది. అక్కడే కూలబడి ఏడ్చింది.

నేటికీ కోతలు ముగిసిన ఆదివారం బృందం ఇక్కడికి వస్తుంది. దేశదేశాల్లో పాడిన గొంతులు వంతులవారీగా ఈ కాగులో పాడతాయి. మూడో చరణం దగ్గర అందరూ ఆగి, పాదాలతో తాళం మాత్రం వేస్తారు. కొత్తది అల్లి అతికించడానికి మారిలిస్ ఒప్పుకోలేదు. వచ్చినవారు కాగు పొట్టకు చెవి ఆనించి ఆ తాళం వింటారు.

ఇక్కడ మొక్కుకుంటే సిరిసంపదలు కలుగుతాయని మేము చెప్పము. ఇప్పుడు ముసలిదైపోయిన మారిలిస్ వాకిట కూర్చుని, వచ్చిన ప్రతివారినీ ఒక్కటే అడుగుతుంది: "మీ ఇంట్లో అవ్వ ఉందా?" లేదన్నవారిని లోపలికి పంపి, ఎంతసేపైనా ఉండనిస్తుంది. ఉందన్నవారి చేతిలో ప్రసాదంగా చెరకు ముక్క పెట్టి, "మరి ఇక్కడేం చేస్తున్నావు? పో, ఇంటికి పో!" అని గడప తొక్కనివ్వకుండానే తరిమేస్తుంది.